సూది ముట్టని నెలలు

నా చేతులు ఊరికే ఉండలేవు. టీవీ చూస్తున్నా, ఫోన్లో మాట్లాడుతున్నా, కుక్కర్ విజిల్ కోసం కాచుకుని ఉన్నా వాటికి ఏదో ఒక పని ఉండాలి. పెళ్లయి కూర్మన్నపాలెం వచ్చిన కొత్తలో మా ఆయన స్టీల్ ప్లాంటులో బి షిఫ్టుకి వెళ్లిపోతే, మధ్యాహ్నం నుంచి ఆయన వచ్చేదాకా గోడలు చూస్తూ కూర్చోలేక బొంతలు కుట్టడం మొదలుపెట్టాను. ఆ పిచ్చి మరి వదల్లేదు. కొడుకు పుట్టాడు, పెరిగాడు, పోర్టులో ఉద్యోగంలో చేరాడు, పెళ్లి చేసుకున్నాడు. నా బొంతలు మాత్రం ఆగలేదు. అలాంటిదాన్ని ఇప్పుడు నెలల తరబడి సూది ముట్టుకోకుండా ఉన్నాను. చేతులు ఊరుకోక పెన్ను పట్టుకున్నాను. రాత కాస్త అటూ ఇటూ పరుగెడితే ఏమీ అనుకోకండి, మనిషి కుదురుగా లేదు.

బొంత అంటే తెలియనివాళ్లు కూడా ఈ రోజుల్లో ఉన్నారు. పాత నూలు చీరలు నాలుగైదు పొరలుగా నేల మీద పరవాలి. అంచులు లోపలికి మడవాలి. పొరలు కదలకుండా పెద్ద పెద్ద టాకాలు వేసుకుని, ఆ పైన ఈ చివర నుంచి ఆ చివరకి సన్నగా కుట్టుకుంటూ పోవాలి. పైన మంచి రంగు చీర, లోపల వెలిసిపోయినవీ చిరిగినవీ. వినడానికి ఇంతే. కానీ లోపలి పొర ఒక్కటి ముడత పడిందా, పైన ఎంత నున్నగా కుట్టినా పడుకున్నవాళ్ల వీపుకి తెలిసిపోతుంది. ఇద్దరు కలిసి కుడితే ఇద్దరూ ఒకే వైపు కూర్చోవాలి. చెరో వైపు నుంచి మధ్యకి కుట్టుకొచ్చారంటే, ఎక్కువైన బట్టంతా మధ్యలో చేరి పూరీలా ఉబ్బుతుంది. అది విప్పి మళ్లీ కుట్టడం కంటే కొత్తది మొదలుపెట్టడం నయం.

మధ్యలో కొన్నాళ్లు ఫోన్లో విదేశీ ఆడవాళ్ల వీడియోలు చూసి, నేనూ చీరల్ని చదరాలుగా కత్తిరించి అతికించాను. మా ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "లూడో బోర్డు బాగుంది, కాయిన్లేవి?" అని అడిగాడు. కోపమొచ్చి దాన్ని స్కూటరు మీద కప్పేశాను. మళ్లీ మామూలు బొంతల్లోకే వచ్చిపడ్డాను. ఇంట్లో నా మీద వేళాకోళానికి అంతులేదు. దండెం మీద లుంగీ ఆరేసి వెళ్తూ మా ఆయన, "ఒలే, అది ఇంకా కడతన్నాను, బొంతలో ఎట్టీకు" అని అరిచి మరీ వెళ్తాడు. మనిషి మాటకారి కాడు. ఉన్న నాలుగు మాటలూ ఇలాంటి వాటికే ఖర్చుపెడతాడు.

నా పిచ్చిని పట్టించుకున్నది మా కోడలు ఒక్కతే. వాళ్లది కంచరపాలెం, చర్చికి వెళ్లే కుటుంబం. మా వాడూ తనూ ఇష్టపడి చేసుకున్నారు. పెళ్లయిన వారానికే వచ్చి నా పక్కన నేల మీద కూర్చుని, "నాకూ నేర్పండత్తయ్యా" అంది. సరదాకి అంటోందనుకున్నాను. నెల తిరిగేలోపు నాకంటే సన్నగా కుట్టేస్తోంది. వచ్చినవాళ్లు బొంత చూసి, ఆ పిల్ల కుట్టిన వైపు తడిమి మెచ్చుకుంటుంటే నాకు లోపల మండేది. అయినా ఇద్దరం ఒకే వైపు కూర్చుని కుట్టుకునేవాళ్లం. మాట్లాడినా మాట్లాడకపోయినా పొద్దు తెలిసేది కాదు.

ఆ పిల్లకి మొదటిసారి నెల తప్పింది. ఇంట్లో చూలాలు ఉంటే పుట్టబోయే బిడ్డ కోసం ముందుగా ఏదీ కుట్టకూడదని మా ఇళ్లల్లో పట్టింపు. పుట్టాక పాత మెత్తటి గుడ్డల్లో చుట్టడమే. చొక్కా అయినా బొంత అయినా పురుడు వెళ్లాకే. నేను ఏ బొంత మొదలుపెట్టినా అది బిడ్డకేనేమో అని చూసేవాళ్లకి అనిపిస్తుంది, నాకే అనిపించవచ్చు. అందుకని సూదులూ దారపుండలూ డబ్బాలో పెట్టి అటక మీదకి ఎక్కించేశాను. ఒక్క కుట్టు కుట్టలేదు. కోడలిని కుట్టనివ్వలేదు. అంత పట్టింపుగా ఉన్నా, నెలలు నిండబోతుండగా బిడ్డ కడుపులోనే ఆగిపోయింది. ఆడపిల్ల. ఎవరి తప్పూ లేదమ్మా, ఒక్కోసారి ఇలా జరుగుతుంది అని డాక్టరమ్మ చెప్పింది.

ఆ రోజు ఆసుపత్రిలో నేను లోపల కోడలి మంచం దగ్గర ఉన్నాను. ఆమె మత్తులో ఉంది. బయట వరండాలో పెద్దవాళ్లందరూ మాట్లాడుకుని, తల్లికి చూపిస్తే ఎప్పటికీ మరిచిపోలేదు, చూపించొద్దు అని తేల్చారు. మా ఆయనా, మా వాడూ బిడ్డను తీసుకుని వెళ్లారు. అలాంటి పనికి ఆడవాళ్లు వెళ్లరు. కోడలికి బట్టలు తీసుకెళ్దామని నేను ఇంటికి వచ్చిన వేళకే వాళ్లు తిరిగొచ్చి, పెరట్లో కుళాయి కింద బట్టలతోనే తడిసి లోపలికి వచ్చారు. ఎక్కడ పెట్టారని ఇంట్లో ఆడవాళ్లు అడగరు, మగవాళ్లు చెప్పరు. ఆ మాటే మళ్లీ ఎత్తరు. అలా ఎత్తకపోతే అది జరగనట్టే అయిపోతుందని కాబోలు. ఆ తర్వాత మా ఇంట్లో సీరియళ్ల గురించి, మోటారు గురించి, చేపల రేట్ల గురించి బోలెడు మాట్లాడుకున్నాం.

ఇప్పుడు కోడలికి మళ్లీ నెలలు. ఈసారి డాక్టరమ్మ మొదటి నుంచీ పడుకునే ఉండమంది. అందుకని మా ఇంట్లో ముందుగది కిటికీ పక్కన మంచం వేశాం. నేను మళ్లీ డబ్బా అటకెక్కించాను. పోయినసారి కుట్టకుండా ఉండి ఏం ఒరిగిందని మనసు అడుగుతుంది. అడిగినా సరే, ధైర్యం మాత్రం చాలదు. ఇక నా అవస్థ చెప్పలేను. ఏరిన బియ్యాన్నే మళ్లీ ఏరాను. బీరువాలో చీరలు తీసి మడతలు విప్పి మళ్లీ మడతపెట్టాను. ఉతికిన కర్టెన్లు మళ్లీ ఉతికాను. కోడలు అటు తిరిగి పడుకుంటే ఎందుకు తిరిగింది, ఇటు తిరిగితే ఎందుకు తిరిగింది. బిడ్డ కదులుతోందా అని అడగకూడదని ఒట్టు పెట్టుకుని, మంచినీళ్లు ఇచ్చే నెపంతో వెళ్లి అడిగేసేదాన్ని. మా ఆయన చూసి చూసి, "కాలుగాలిన పిల్లిలాగ ఏటలాగ తిరుగుతన్నావ్, కాసేపు కూకో" అనేవాడు. కూర్చుంటే కాళ్లు ఊగేవి. జంక్షన్లో లారీ గట్టిగా హారన్ కొడితే వాడిని నాలుగు తిట్టేదాన్ని. ఆ లారీవాడికి ఏం తెలుసు పాపం.

అలా ఉండగా ఆత్మల పండుగ వచ్చింది. ఆ రోజు కోడలి పుట్టింటివాళ్లు చనిపోయిన తమవాళ్ల సమాధులు కడిగి, సున్నం వేసి, బంతిపూలు పరిచి, కొవ్వొత్తులు వెలిగించి ప్రార్థన చేసుకుంటారు. అప్పటికి డాక్టరమ్మ కొంచెం నడవచ్చని చెప్పింది. కడుపుతో ఉన్నవాళ్లు శ్మశానానికి వెళ్లకూడదని మా పట్టింపు, వాళ్లకి అదేం లేదు. వాళ్లమ్మ ఆటో తీసుకొచ్చి, కూతుర్ని జాగ్రత్తగా కూర్చోబెట్టుకుని తీసుకెళ్లి, చీకటి పడకముందే తీసుకొచ్చి దింపింది. కోడలు చెప్పులు విడిచి, గోడవైపు తిరిగి పడుకుంది. వంటింట్లోకి వచ్చి వియ్యపురాలు నా చెయ్యి పట్టుకుంది.

"పిల్ల మా అమ్మకొకటి ఎలిగించింది, మా అన్నయ్యకొకటి ఎలిగించింది. ఇంకోటి కొనుక్కొచ్చింది వదినగారూ. అది ఎక్కడ ఎట్టాలో తెలీక సేత్తోనే పట్టుకుని నిలబడిపోయింది. అందరికీ సోటుంది, దాని బిడ్డకే లేదు" అంది.

టీ పెట్టి ఇచ్చాను. ఆవిడ తాగలేదు, నేనూ తాగలేదు. ఆ రోజు నుంచి కోడలు ఏమీ అడగకపోయినా, ఆ పిల్లకి ఏం కావాలో నాకు తెలుస్తూనే ఉంది. తన బిడ్డ ఎక్కడుందో తెలియాలి. అంతే. అది తెలియకుండా ఇంకో బిడ్డను ఎలా కంటుంది? కన్నా ఎలా ఎత్తుకుంటుంది? ఇది నా మనసులో పడ్డాక ఇక నిలవలేకపోయాను.

కొడుకుని అడిగాను. హెల్మెట్ పెట్టుకుంటూ, "ఇప్పుడెందుకమ్మా అయ్యన్నీ, వొగ్గీ" అన్నాడు. వదల్లేదు నేను. గుమ్మానికి అడ్డం నిలబడితే తల దించుకుని, "నాను రోడ్డు మీద బండికాడే ఉండిపోయాను. లోపలికెల్లలేకపోయాను. నాన్నొక్కడే ఎల్లాడు" అన్నాడు. అంత మనిషి, చిన్నప్పుడు స్కూల్లో దెబ్బలు తిని వచ్చినప్పటి మొహం పెట్టాడు. పక్కకి తప్పుకున్నాను. మా ఆయన దగ్గర మాట ఎత్తబోతే, ట్యాంకు నిండిందేమో చూసొస్తానని మేడెక్కేశాడు. ట్యాంకు నింపింది నేనే, పొద్దున్నే.

ఒకరోజు మార్కెట్ నుంచి కూరలు తీసుకుని వచ్చాను. చెప్పుల చప్పుడు వినలేదు కాబోలు, కోడలు మంచం మీద పక్కకి ఒరిగి పడుకుని ఏదో కుడుతోంది. నన్ను చూసి దిండు కింద దాచబోయింది. లాగి చూశాను. చిన్న బొంత. తువ్వాలంత కూడా లేదు. పైన తన పసుప్పచ్చ చున్నీ, లోపల నా పాత చీరల ముక్కలు. అటక మీద డబ్బా ఎప్పుడు దింపించిందో, ఎవరితో దింపించిందో.

నాకు ఒళ్లు చల్లబడిపోయింది. మరుక్షణం మండిపోయింది. నాకు భయమెప్పుడూ కోపంగానే బయటికొస్తుంది.

"ఏటిది? ఏటి సేత్తన్నావ్ నువ్వు? పుట్టకుండానే బొంత కుడతావా? పోయినసారి పడ్డది సాల్లేదా మనకి?" అని అరిచాను. పక్కింటి వాళ్లకి వినబడే ఉంటుంది.

కోడలు లేచి కూర్చుంది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

"ఇది రాబోయేదానికి కాదత్తయ్యా. వెళ్లిపోయినదానికి" అంది. "దానికి కుట్టకూడదని ఎవరూ చెప్పలేదు కదా."

కూరల సంచి చేతిలోనే ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియలేదు. వంకాయలు రెండు దొర్లి మంచం కిందకి పోయాయి. నేను అన్న మాటని వెనక్కి తీసుకునే దారి లేదు. ఆ పిల్ల పక్కన, ఆమె కూర్చున్న వైపే కూర్చుని బొంతను ఒళ్లోకి తీసుకున్నాను. కుట్టు సన్నగా, ఎప్పటిలాగే నాకు మంట పుట్టించేంత సన్నగా ఉంది. కానీ పడుకుని, బట్టని అటొకసారి ఇటొకసారి తిప్పుకుంటూ కుట్టింది. రెండు వైపుల నుంచీ మధ్యకి వచ్చేసింది. నడిమధ్యలో బట్ట గుప్పెడంత ఉబ్బి ఉంది. అది చూడగానే విప్పేద్దామని వేళ్లు లాగాయి. బలవంతాన ఆపుకున్నాను.

"మధ్యలో పాడైపోయింది, తెలుసు" అంది.

"పాడవలేదు. ఉండనీ" అన్నాను. బొంత విషయంలో నేను అలాంటి మాట అనడం నా జన్మలో అదే మొదలు.

నా చెయ్యి మీద చెయ్యి వేసి, "ఎక్కడ పెట్టారత్తయ్యా?" అని అడిగింది.

"నాకూ తెలీదమ్మా."

నమ్మలేదు. నా కళ్లలోకి చూసింది. "నిజంగా మీకూ తెలీదా? నాకొక్కదానికే చెప్పలేదనుకున్నాను. మీరందరూ తెలిసే నాతో మామూలుగా ఉంటున్నారనుకున్నాను."

ఇన్నాళ్లూ ఆ పిల్ల ఈ ఇంట్లో అలా అనుకుంటూ నా చేతి అన్నం తింది. మిగిలిన అంచు ఆమె కుడుతుంటే నేను దారం తుంచి ఇచ్చాను. సూది మాత్రం ముట్టుకోలేదు. దారం లెక్కలోకి రాదని నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను.

మా ఆయన ఎ షిఫ్టు దిగి, ఎప్పటిలాగే కాళ్లు కడుక్కుని, వంటింటి ముందు పీట వాల్చుకుని కూర్చున్నాడు. నేను గిన్నెల మీద మూతలు తియ్యలేదు.

"ఆకలేత్తందే" అన్నాడు.

"ఎయ్యనీ. పిల్లని ఎక్కడెట్టావో సెప్పు, అప్పుడెడతాను."

ఆయన నా వంక చూశాడు. తర్వాత ముందుగది గుమ్మం వంక చూశాడు. కోడలు గోడ పట్టుకుని వచ్చి అక్కడ నిలబడి ఉంది, చేతిలో ఆ చిన్న బొంత. అది ఏమిటని ఆయన అడగలేదు. అర్థమైనట్టుంది. పీట మీంచి లేచి, ఆ పిల్లకి కుర్చీ లాగి వేశాడు. తను మాత్రం నేల మీద చతికిలబడ్డాడు.

"కొండవార శ్మశానం ఉంది కదమ్మా, బస్సు మలుపు తిరిగే కాడ. లోపలికెల్తే తాటిసెట్లుంటాయి. ఆ మొదట్లో ఎట్టాను." తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. "తవ్వేవోడు సాలన్నాడు. నాను ఇంకా లోతుగా తవ్వించాను. కుక్కలు తిరుగుతాయి అక్కడ. ఆసుపత్రోల్లు ఇచ్చిన గుడ్డ పల్చగా ఉంది. నా సొక్కా ఇప్పి సుట్టాను."

ఆ రోజు ఆయన బనీనుతో ఇంటికి రావడం నేను చూశాను. కుళాయి కింద తడిసిపోయి ఉంటే మరి చొక్కా సంగతి ఎవరికి తోస్తుంది?

"గుర్తుకి ఒక రాయెట్టాను. వానకి కదిలిపోద్దేమోనని అప్పుడప్పుడూ ఎల్లి సూసొత్తాను" అన్నాడు.

"ఎప్పుడు?" అన్నాను నేను.

"షిఫ్టు దిగి. బస్సు ఆ మలుపు కాడ దిగిపోయి నడిసొత్తాను."

ఆలస్యమైందేం అని నేను అడిగినప్పుడల్లా బస్సు దొరకలేదని చెప్పేవాడు. నాకు ఆయన మీద చెప్పలేనంత కోపం వచ్చింది. ఆ కోపంలోనే ఏడుపూ వచ్చింది. మరిచిపోయాడనుకున్నాను నేను. రాయిలాంటి మనిషి అనుకున్నాను, ఒకటి రెండుసార్లు మొహం మీదే అన్నాను కూడా.

"నేనూ వస్తాను మావయ్యా" అంది కోడలు.

"ఇప్పుడు నువ్వు రాకూడదమ్మా, కడుపుతో ఉన్నావు. పురుడెల్లనీ, నానే తీసుకెల్లి సూపిత్తాను. దారి కూడా సెప్పేత్తాను, నీకెప్పుడెల్లాలనిపిత్తే అప్పుడెల్దువు." చెయ్యి చాపాడు. "అది ఇలాగియ్యి. నాను పట్టుకెల్లి ఎడతాను."

"రేపా?"

"రేపేల? ఇప్పుడే ఎల్తాను."

అన్నం ఊసెత్తలేదు. నేనూ ఎత్తలేదు. కోడలు బొంతను రెండు చేతులతో ఇచ్చింది. ప్లాంటులో ఇనుముతో బండబారిన ఆ చేతులతో, ఎక్కడ నలిగిపోతుందో అన్నట్టు నెమ్మదిగా మడిచాడు. మధ్యలో ఉబ్బు దగ్గర మడత సరిగ్గా కూర్చోలేదు. అరచేతితో రాసి ఊరుకున్నాడు. గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటుంటే వెనక నుంచి కోడలు పిలిచింది.

"మావయ్యా, మీరు మొహం చూశారా?"

ఆయన ఒక కాలికి చెప్పుతో అలాగే నిలబడిపోయాడు.

"సూసాను."

"ఎలా ఉంది?"

ఎవరూ అడగని మాట అది. చూసినవాడు ఈ ఇంట్లో ఒక్కడే ఉన్నాడని, ఇన్నాళ్లూ ఆ మొహాన్ని ఒక్కడే మోస్తున్నాడని నాకు అప్పుడు తట్టింది. ఆయన చాలాసేపు ఆలోచించాడు. మాటలు వెతుక్కుంటున్నాడనుకున్నాను. కాదు, మళ్లీ చూస్తున్నాడు.

"జుట్టు ఒత్తుగా ఉందమ్మా. ముక్కు నీదే. గెడ్డం మా వోడిది" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు. నవ్వుకీ ఏడుపుకీ మధ్య ఆయన మొహం ఏదోలా అయింది. "నుదురు మాత్రం మీ అత్తదే. ఎవురో నిద్దర సెడగొట్టినట్టు సిరాగ్గా ముడిసి ఎట్టుంది. అచ్చం ఇదే."

ఆయన వెళ్లిపోయాడు. వీధి గేటు చప్పుడైంది. కోడలు కుర్చీలోనే నా వైపు తిరిగింది. నా కళ్లలోకి కాదు, నా నుదుటి వంక చూస్తోంది. కొంగుతో మొహం తుడుచుకోబోయి చెయ్యి దించేశాను. పొయ్యి మీద పాలు పొంగిపోతున్న వాసన వస్తోంది, అయినా లేవలేదు. ఆ పిల్ల తన కూతుర్ని మొదటిసారి చూసుకుంటోంది. చూసుకోవడం అయ్యేదాకా నేను కదలకుండా కూర్చున్నాను.